దెబ్బ తగిలిన వెటరన్‌కి అమెరికా పార్కుల్లో ఫ్రీ ఎంట్రీ: పాస్ ఎలా తీసుకోవాలి, ఎక్కడ పనిచేయదు

మా బావమరిది యూఎస్ ఆర్మీలో చేసి బయటికొచ్చాడు, అలా చేసొచ్చినవాళ్ళని ఇక్కడ వెటరన్స్ అంటారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకోడానికి వచ్చి, అప్పట్లో మావ్నీ అని ఒక ప్రోగ్రాం ఉండేది కదా, గ్రీన్ కార్డు లేకపోయినా మన భాషలు వచ్చినవాళ్ళనీ డాక్టర్లనీ ఆర్మీలోకి తీసుకుని సిటిజన్‌షిప్ ఇచ్చేవాళ్ళు, 2016లో ఆపేశారు, అందులో చేరాడు. బయటికొచ్చేసరికి నడుం ఒకటి, మోకాలు ఒకటి, చెవుల్లో ఎప్పుడూ కీచుమనే మోత ఒకటి మిగిలాయి. చూడ్డానికి మామూలుగానే ఉంటాడు, పార్కింగ్ లాట్‌లో నడిచెళ్తుంటే ఎవరికీ తెలీదు, కానీ అరగంట నిలబడితే ముఖం మారిపోద్ది.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, ఇతనికి నేషనల్ పార్కులన్నిటికీ జీవితాంతం ఫ్రీ పాస్ వస్తుందని నాకు తెలిసి కూడా తీసుకోమని ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. "నాకు కాళ్ళూ చేతులూ ఉన్నాయి కదా బావా, కాలు పోయినోళ్ళకి ఇచ్చేది నేనెందుకు తీసుకోవడం" అంటాడు. ఆ పాస్‌కి కాలు పోనక్కర్లేదు, వందకి వంద శాతం డిసేబిలిటీ అక్కర్లేదు, ఒకళ్ళ వాటా తీసేసుకున్నట్టు అసలే కాదు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఆఫీసులోనో ఇలాంటి వెటరన్ ఉంటే ఈ పని ఎలా చేయాలో మేం చేసిన వరసలోనే రాస్తున్నా, మేం చేసిన తప్పులతో సహా.

ముందు ఏ పాస్ కావాలో తేల్చుకోండి

ఇక్కడే చాలామంది తికమక పడతారు. వెటరన్‌కి దొరికే ఫ్రీ పాస్‌లు రెండు, రెండూ "అమెరికా ద బ్యూటిఫుల్" అనే కుటుంబంలోవే. మామూలు జనం ఏడాదికి 80 డాలర్లు పెట్టి కొనుక్కునే కార్డు ఉంది చూడండి, దానికి ఇవి తోబుట్టువులు.

ఒకటి మిలటరీ పాస్. డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఏడాది పాస్ 2012 నుంచే ఇస్తున్నారు. వెటరన్స్‌కి, యుద్ధంలో ప్రాణం పోయిన సైనికుల కుటుంబాలకి (వాళ్ళని ఇక్కడ గోల్డ్ స్టార్ ఫ్యామిలీస్ అంటారు) లైఫ్‌టైమ్ పాస్ మాత్రం 2022 నవంబర్ 11 నుంచి, అంటే ఆ ఏడు వెటరన్స్ డే నుంచి. దాని వెనక 2021 డిసెంబర్‌లో వచ్చిన చట్టం ఉంది, దానికి అలెగ్జాండర్ లాఫ్‌గ్రెన్ పేరు పెట్టారు. ఆఫ్ఘనిస్తాన్‌లో పనిచేసొచ్చిన ఆర్మీ మనిషి, తర్వాత ఒక కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో పనిచేసేవాడు, ఆ ఏడు ఏప్రిల్‌లో డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఈ పాస్‌కి గాయం ఉండాలన్న రూల్ లేదు, వెటరన్ అయితే చాలు.

రెండోది యాక్సెస్ పాస్. ఇది వెటరన్స్ కోసమే అని పెట్టింది కాదు, శాశ్వతమైన డిసేబిలిటీ ఉన్న అమెరికా సిటిజన్‌కి గానీ గ్రీన్ కార్డు హోల్డర్‌కి గానీ ఎవరికైనా ఇస్తారు, అదీ జీవితాంతం.

మరి రెండిటికీ అర్హత ఉన్నవాడు ఏది తీసుకోవాలి? నన్నడిగితే యాక్సెస్ పాసే. గేటు దగ్గర రెండూ ఒకటే, లోపలికెళ్ళాకే తేడా. యాక్సెస్ పాస్ ఉంటే చాలా చోట్ల క్యాంప్‌గ్రౌండ్ ఫీజులో సగం తగ్గిస్తారు, కొన్ని చోట్ల బోటు దింపే ర్యాంపుకీ, ఈత కొట్టే చోటుకీ, రేంజర్ (పార్కు ఉద్యోగి) తీసుకెళ్ళే కొన్ని టూర్లకీ కూడా. మిలటరీ పాస్‌కి ఆ సగం ధర లేదు. మా వాడు మొదట మిలటరీ పాస్ తెచ్చుకుని మురిసిపోయాడు, క్యాంపింగ్ బుక్ చేయబోతే ఫుల్ రేటు చూపించింది, అప్పుడు మళ్ళీ మొదలు.

కాయితాలు

యాక్సెస్ పాస్‌కి రెండే రెండు కావాలి. ఒకటి మీరెవరో, సిటిజనో పర్మనెంట్ రెసిడెంటో చూపించే ఐడీ. రెండోది డిసేబిలిటీ ఉందని చెప్పే కాయితం. ఆ రెండోది మూడు రకాల్లో ఏదైనా పర్లేదు: లైసెన్స్ ఉన్న డాక్టర్ రాసిచ్చిన లెటర్, లేదా వీఏ (వెటరన్స్ సంగతులు చూసే శాఖ), సోషల్ సెక్యూరిటీ లాంటి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఇచ్చిన కాయితం, లేదా స్టేట్ గవర్నమెంట్ ఏజెన్సీ ఇచ్చింది.

వెటరన్‌కి వీఏ లెటరే తేలిక. వీఏ వెబ్‌సైట్‌లోకి లాగిన్ డాట్ గవ్‌తో గానీ ఐడీ డాట్ మీతో గానీ వెళ్ళి, బెనిఫిట్ లెటర్స్ అన్న చోట "బెనిఫిట్ సమ్మరీ అండ్ సర్వీస్ వెరిఫికేషన్ లెటర్" అని ఒకటి ఉంటుంది, దాన్ని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. దించే ముందు పక్కన చిన్న చిన్న టిక్ బాక్సులు వస్తాయి, లెటర్‌లో ఏమేం కనపడాలో మీరే ఎంచుకోవచ్చు. సర్వీస్-కనెక్టెడ్ (సైన్యంలో పనిచేయడం వల్ల వచ్చిన) డిసేబిలిటీ ఉన్నట్టు, మొత్తం రేటింగ్, అంటే వీఏ ఇచ్చిన డిసేబిలిటీ శాతం ఎంతో చూపించే వాటికి టిక్ పెట్టండి, నెలకి ఎంత డబ్బు వస్తుందో చూపించేదానికి తీసేయండి. గేటు దగ్గర వెనక కార్లు హారన్ కొడుతుంటే మీ నెల పెన్షన్ లెక్క రేంజర్‌కి ఎందుకు చెప్పండి. స్టేట్ పార్కులకి కూడా ఇదే లెటర్ పనికొస్తుంది కాబట్టి రెండు మూడు కాపీలు ప్రింట్ తీసి పెట్టుకోండి.

డాక్టర్ లెటర్ అయితే ఊరికే "ఈయన నా పేషెంటు, మోకాలి నొప్పి ఉంది" అంటే కుదరదు. డిసేబిలిటీ శాశ్వతం అని ఉండాలి, దానివల్ల రోజువారీ పనుల్లో ఏదో ఒకటి, నడవడం, చూడడం, వినడం, ఊపిరి పీల్చుకోవడం, చేతులతో పని చేసుకోవడం, ఉద్యోగం చేయడం, ఇలాంటిది బాగా దెబ్బతిందని ఉండాలి, ఆ ఇబ్బంది ఏంటో కూడా రాయాలి. మానసికమైనవి కూడా లెక్కలోకి వస్తాయి, పీటీఎస్‌డీ (యుద్ధం లాంటి భయంకరమైన అనుభవాల తర్వాత మిగిలే మానసిక సమస్య) ఉన్నవాళ్ళు మాకు రాదేమో అనుకుని ఆగిపోతారు, ఆగక్కర్లేదు.

ఒక్క ముక్క గట్టిగా చెప్తా: కారు అద్దానికి వేలాడేసే హ్యాండీక్యాప్ ట్యాగు, డిసేబుల్డ్ నంబర్ ప్లేటు ఈ పాస్‌కి ప్రూఫ్‌గా పనికిరావు. మేం మొదటిసారి అదే నమ్ముకుని వెళ్ళాం, రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని. ఏ చోటో పేరెందుకులే, అక్కడ కౌంటర్లో ఉన్న కుర్రాడు తప్పేం చేయలేదు, కాకపోతే మా వాణ్ణి కిందికీ పైకీ ఒక చూపు చూశాడు చూడండి, "బానే ఉన్నావుగా" అన్నట్టు, ఆ చూపుకి మా వాడు ఇంకో ఎనిమిది నెలలు ఆ ఊసెత్తలేదు. అందుకే చెప్తున్నా, కాయితం సరిగ్గా పట్టుకెళ్ళండి. కాయితం చేతిలో ఉంటే ఎవడి చూపూ పట్టించుకోనక్కర్లేదు.

మిలటరీ లైఫ్‌టైమ్ పాస్ కావాలంటే ప్రూఫ్ వేరు. వీఏ హెల్త్ కేర్‌లో ఉన్నవాళ్ళకి ఫోటోతో ఒక కార్డు ఇస్తారు, వీహెచ్ఐసీ అంటారు, అది చెల్లుతుంది. వెటరన్ ఐడీ కార్డు చెల్లుతుంది, దానికి వీఏ సైట్‌లోనే అప్లై చేస్తారు, ఇప్పుడు అది ఫోన్‌లో ఉండే డిజిటల్ కార్డు. ఇవేవీ లేకపోయినా డ్రైవింగ్ లైసెన్స్ మీద "వెటరన్" అని ముద్ర ఉంటే సరిపోద్ది. ఆ ముద్ర లేనివాళ్ళు డీడీ-214 పట్టుకుని లైసెన్స్ ఆఫీసుకి వెళ్తే వేసిస్తారు. డీడీ-214 అంటే ఆర్మీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ కాయితం, దాన్ని ఇంటి దస్తావేజులా దాచుకోవాలి, మా వాడు మాత్రం వీడియో గేమ్ డబ్బాలో పెట్టాడు.

ఎక్కడ తీసుకోవాలి

మూడు దారులు. నాకు నచ్చింది నేరుగా వెళ్ళి తీసుకోవడం, పైసా ఖర్చు లేదు, అక్కడికక్కడే చేతిలో పెడతారు. ఎంట్రీ ఫీజు వసూలు చేసే నేషనల్ పార్కుల్లో చాలా చోట్ల ఇస్తారు, కానీ పార్కులే కాదు, ఫారెస్ట్ సర్వీస్ ఆఫీసులు, వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లు (వన్యప్రాణుల్ని కాపాడే చోట్లు), ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (ఆనకట్టలు, చెరువులు కట్టే ఆర్మీ విభాగం) చెరువుల దగ్గర ఉండే ఆఫీసులు కూడా కొన్ని ఇస్తాయి. అన్నీ ఇవ్వవు, ఇచ్చేవాటిలో కూడా కార్డులు అయిపోయిన రోజులుంటాయి, అందుకని ముందు ఒక ఫోన్ కొట్టి "యాక్సెస్ పాస్‌లు ఈ రోజు ఉన్నాయా" అని అడిగి బయల్దేరండి. వీకెండ్ కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్తే పది నిమిషాల పని. ఇంకోటి, ఈ పాస్ ఎవరిదో ఆ మనిషే రావాలి, "మా బావమరిది పాస్, నేను తీసుకెళ్తా" అంటే ఇవ్వరు.

రెండో దారి ఆన్‌లైన్‌లో యూఎస్‌జీఎస్ (అమెరికా జియలాజికల్ సర్వే) స్టోర్. కాయితాలు అప్‌లోడ్ చేస్తే పోస్టులో పంపిస్తారు. పాస్ ఫ్రీయే గానీ ప్రాసెసింగ్‌కీ షిప్పింగ్‌కీ కొన్ని డాలర్లు తీసుకుంటారు. ట్రిప్ వచ్చే వారమే ఉంటే దీన్ని నమ్ముకోకండి.

మూడోది 2026 నుంచి వచ్చింది, రిక్రియేషన్ డాట్ గవ్‌లో డిజిటల్ పాస్. ఫోన్‌లో ఉంటుంది. బానే ఉంది గానీ పెద్ద పార్కుల గేట్ల దగ్గర సిగ్నల్ ఉండదు, ఇంట్లో ఉన్నప్పుడే ఫోన్‌లోకి దించి పెట్టుకోండి. పాతకాలం మనిషినేమో, నాకు మాత్రం ప్లాస్టిక్ కార్డే ధైర్యం.

గేటు దగ్గర

పాస్ ఒక్కటీ చూపిస్తే చాలదు, ఫోటో ఐడీ కూడా చూపించాలి. కార్డు మీద సంతకం ముందే పెట్టుకోండి, లైన్లో కూర్చుని పెన్ను వెతుక్కోవడం మేం చేశాం, డ్యాష్‌బోర్డ్‌లో దొరికిన ఒకే ఒక్క పెన్ను మా పాపది, పింక్ గ్లిట్టర్. ఇప్పటికీ ఆ కార్డు మీద ఆయనగారి సంతకం మెరుస్తూనే ఉంటుంది.

కారుకి ఇంత అని ఫీజు తీసుకునే పార్కుల్లో (గ్రాండ్ కాన్యన్, జయాన్, యెల్లోస్టోన్ లాంటి చోట్ల మామూలుగా కారుకి 35 డాలర్లు) పాస్ ఉన్న మనిషితో పాటు ఆ కార్లో కూర్చున్న అందరూ లోపలికి వెళ్ళిపోవచ్చు. మనిషికి ఇంత అని తీసుకునే చోట పాస్ ఉన్న మనిషి, ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళు. 16 ఏళ్ళ లోపు పిల్లలకి ఎలాగూ ఫీజు లేదు.

మనవాళ్ళు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. నాలుగు కుటుంబాలు కలిసి మూడు కార్లు, పులిహోర డబ్బాలు, ఒక కార్లో వెటరన్. పాస్ ఆ ఒక్క కారుకే. "వెనక రెండు కార్లూ మావే" అని చెయ్యి ఊపితే రేంజర్ నవ్వుతాడు గానీ వదలడు. వెటరన్ కార్లో లేకపోతే ఆ పాస్ అసలు చెల్లదు, భార్య చేతికిచ్చి పంపినా చెల్లదు. గట్టిగా తెలుసుకోవాల్సింది అంతే, మిగతాది మామూలే.

ఇండియా నుంచి అమ్మానాన్నలొచ్చినప్పుడు ఒక మాట. 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్ళకి రేట్లు పెంచారు. వాళ్ళకి ఏడాది పాస్ 250 డాలర్లు, పాస్ లేకుండా వస్తే బాగా రద్దీ ఉండే 11 పార్కుల్లో మామూలు ఫీజు మీద మనిషికి ఇంకో 100 డాలర్లు. గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, యెల్లోస్టోన్, జయాన్ అన్నీ ఆ 11లో ఉన్నాయి. కాబట్టి విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళు కార్లో ఉంటే బయల్దేరే ముందే ఆ పార్కుకి ఫోన్ చేసి, కార్లో ఎవరెవరున్నారో చెప్పి కనుక్కోండి.

మా మామగారి సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయనది పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, మిలటరీ మాధవరం అంటారు కదా, ఇంటికొకళ్ళు ఆర్మీలో ఉండే ఊరు. ఆయన ఇండియన్ ఆర్మీలో చేసి రిటైరయ్యాడు. రేట్లు పెరగక ముందు ఒకసారి వచ్చినప్పుడు, అల్లుడినైన నేను డబ్బులు కడుతుంటే చూడలేక, జేబులోంచి మాజీ సైనికుల కార్డు తీసి కిటికీలోంచి రేంజర్‌కి అందించాడు. మాకు తల తీసేసినట్టయింది. ఆ రేంజర్ పెద్దాయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఏ రెజిమెంటు అని అడిగి, రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కిచ్చాడు, "మీ సేవకి థాంక్స్ సార్, కానీ ఈ పాస్ అమెరికా ఫోర్సెస్‌కే" అన్నాడు. ఫీజు కట్టాం. మామయ్యగారు మాత్రం సాయంత్రం దాకా ఆ రెండు చేతుల గురించే చెప్పాడు. రూల్ అయితే అదే, మిలటరీ పాస్‌కి అమెరికా సైన్యంలో చేసి ఉండాలి.

క్యాంపింగ్ సగం ధర ఎలా వస్తుంది

రిక్రియేషన్ డాట్ గవ్‌లో క్యాంప్‌సైట్ బుక్ చేసేటప్పుడు చివర్లో పాస్ నంబర్ అడుగుతుంది, యాక్సెస్ పాస్ అని ఎంచుకుని నంబర్ కొడితే రేటు తగ్గి కనిపిస్తుంది. చెకిన్ అప్పుడు ఆ పాస్, ఐడీ మళ్ళీ చూపించాలి, అంటే పాస్ ఉన్న మనిషి ఆ సైట్‌లోనే ఉండాలి. పక్కన మీ కోసం ఇంకో సైట్ తీసుకుంటే దానికి ఫుల్ రేటే. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లు ప్రైవేటు కంపెనీలు నడుపుతాయి, కరెంటు హుకప్ లాంటి వాటికి తగ్గింపు ఉండకపోవచ్చు, బుకింగ్ పేజీలో రాసి ఉంటుంది, చదవండి.

మాకు ఎక్కువ కలిసొచ్చింది నేషనల్ పార్కులు కూడా కాదు, మా డాలస్ చుట్టుపక్కల చెరువులు. ల్యూవిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, ఇవన్నీ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ కట్టినవి. వాళ్ళు సొంతంగా నడిపే బోటు ర్యాంపులు, ఈత కొట్టే బీచుల దగ్గర రోజు ఫీజు ఈ పాస్‌తో పోతుంది, వాళ్ళ క్యాంప్‌గ్రౌండ్లలో సగమే. మా వాడికి నడుం నొప్పితో ఇరవై గంటలు కారెక్కి యెల్లోస్టోన్ వెళ్ళే ఓపిక ఏడాదికి ఒకసారే, చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చోడానికి ప్రతి ఆదివారం రెడీ. ఒక చిక్కు ఏంటంటే అదే చెరువు చుట్టూ కొన్ని పార్కులు ఆ ఊరి సిటీ వాళ్ళు లీజుకి తీసుకుని నడుపుతారు, అక్కడ ఈ పాస్ చెల్లదు, సిటీ ఫీజు కట్టాల్సిందే. బోర్డు మీద ఎర్ర కోట బొమ్మ ఉంటే కోర్ వాళ్ళది, ఊరి పేరుంటే సిటీది, మేం అలా గుర్తుపడతాం.

పాస్ ఉన్నా పనిచేయని చోట్లు

పాస్ అంటే ఎంట్రీ ఫీజు ఫ్రీ అనే గానీ రిజర్వేషన్ అక్కర్లేదని కాదు. కొలరాడోలో రాకీ మౌంటెన్ పార్కుకి సీజన్లో టైమ్డ్ ఎంట్రీ (ముందే బుక్ చేసుకున్న టైముకే లోపలికి రానివ్వడం) ఉంటుంది, పాస్ ఉన్నా అది విడిగా బుక్ చేసుకోవాలి, దానికి చిన్న ఫీజు ఉంటుంది. హవాయిలో హాలియకలా మీద సూర్యోదయం చూడాలన్నా అంతే. జయాన్‌లో ఏంజెల్స్ లాండింగ్ ఎక్కాలంటే లాటరీ పర్మిట్, దానికీ పాస్‌కీ సంబంధం లేదు (మోకాలు బాగోలేని మనిషిని అక్కడికి తీసుకెళ్ళే ఆలోచన కూడా వద్దు). మౌంట్ రష్మోర్‌లో అసలు ఎంట్రీ ఫీజే లేదు, కానీ పార్కింగ్‌కి డబ్బు తీసుకుంటారు, అది ప్రైవేటు వాళ్ళు నడిపేది, పాస్ చూపిస్తే లాభం లేదు.

లోపలికెళ్ళాక అడగాల్సినవి

దీని గురించి ఎవరూ చెప్పరు, అడిగినోడికే దొరుకుతుంది.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో హెర్మిట్ రోడ్ అని అంచు వెంట వెళ్ళే దారి ఉంది, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడికి సొంత కార్లని రానివ్వరు, షటిల్ బస్సు ఎక్కాలి. బస్సు కోసం ఎండలో నిలబడ్డం, ఎక్కడం, దిగడం, మళ్ళీ నిలబడ్డం. నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకి సొంత కార్లోనే ఆ దారిలో వెళ్ళనిచ్చే యాక్సెసిబిలిటీ పర్మిట్ ఒకటుంది, గేటు దగ్గరో విజిటర్ సెంటర్లోనో అడిగితే ఫ్రీగా ఇస్తారు. మేం అడిగాం. ప్రతి వ్యూపాయింట్ దగ్గరా ఆగి, మా వాడు కారు డోరు తెరుచుకుని, కాళ్ళు బయటపెట్టి కూర్చున్నాడు, దిగాలనిపించిన చోట దిగాడు. చీకటి పడే టైముకి హోపీ పాయింట్ దగ్గర దిగి, రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నడుం గుర్తు రాలేదంట.

కొలరాడోలో స్టాంటన్ స్టేట్ పార్కులో ట్యాంకు లాగా పట్టాల మీద నడిచే ట్రాక్ చెయిర్లు ఉన్నాయి, రాళ్ళ దారిలో కూడా వెళ్తాయి, ముందే బుక్ చేసుకుంటే ఫ్రీగా వాడుకోనిస్తారు. టెక్సస్‌లో పాడ్రే ఐలాండ్ సముద్రం ఒడ్డున ఇసుకలో పోయే బీచ్ వీల్‌చెయిర్ దొరుకుతుంది. ఇలాంటివి ఒకటో రెండో మాత్రమే ఉంటాయి కాబట్టి ముందురోజే ఫోన్ చేయండి.

సర్వీస్ డాగ్ ఉన్నవాళ్ళకి: ఒక పని కోసం ట్రైనింగ్ ఇచ్చిన కుక్క అయితే పెంపుడు కుక్కల్ని రానివ్వని చోటికి కూడా మీతో రావచ్చు. ఊరికే మనసుకి తోడుగా ఉంటుందని పెట్టుకున్న ఎమోషనల్ సపోర్ట్ కుక్కని మాత్రం పెంపుడు కుక్క కిందే లెక్కేస్తారు. యెల్లోస్టోన్ లాంటి చోట వేడినీటి బుగ్గల దగ్గర చెక్క దారుల మీదకి దాన్ని తీసుకెళ్ళలేరు, ఎండలో కార్లో వదల్లేరు, ఒకళ్ళు బయట కాపలా ఉండాలి. ముందే తెలుసుకుని వెళ్తే గొడవ ఉండదు.

స్టేట్ పార్కులు వేరే లోకం

ఫెడరల్ పాస్ స్టేట్ పార్కుల్లో చెల్లదు. ప్రతి స్టేట్‌కీ దాని రూల్ దానిది, ఇక్కడ మాత్రం శాతాలు చూస్తారు. టెక్సస్‌లో 60 శాతం, అంతకంటే ఎక్కువ సర్వీస్-కనెక్టెడ్ రేటింగ్ ఉన్న వెటరన్‌కి పార్క్‌లాండ్స్ పాస్‌పోర్ట్ అనే పాస్ ఇస్తారు, ఎంట్రీ ఫ్రీ. కాలిఫోర్నియాలో అక్కడి నివాసులకి 50 శాతం నుంచి డిస్టింగ్విష్డ్ వెటరన్ పాస్, అందులో ఎంట్రీతో పాటు క్యాంపింగ్ కూడా ఫ్రీ. వాషింగ్టన్ స్టేట్ ఇంకా ఉదారం, 30 శాతం చాలు. న్యూయార్క్‌లో 40 శాతం నుంచి లైఫ్‌టైమ్ లిబర్టీ పాస్. ఫ్లోరిడాలో సర్వీస్-కనెక్టెడ్ డిసేబిలిటీ ఉన్న వెటరన్‌కి లైఫ్‌టైమ్ ఎంట్రీ పాస్. కొలరాడోలో కార్డు కాదు, కారుకి డిసేబుల్డ్ వెటరన్ నంబర్ ప్లేటు ఉంటే అదే పాస్. మీ స్టేట్ ఇందులో లేకపోతే మీ స్టేట్ పార్కుల సైట్‌లో "డిసేబుల్డ్ వెటరన్" అని కొట్టి చూడండి, దాదాపు ఎక్కడైనా ఏదో ఒకటి ఉంటుంది.

ఈ శాతాల లెక్క గురించి కొంచెం ఆగుదాం, ఎందుకంటే మా వాడు ఇందులోనే ఇరుక్కున్నాడు. నడుముకి 40, మోకాలికి 30, చెవుల మోతకి 10 ఇచ్చారు. మనం కూడితే 80. వీఏ వాళ్ళు అలా కూడరు. ముందు మనిషిని వంద అనుకుంటారు, అందులో 40 పోతే మిగిలింది 60. మోకాలి 30 శాతం ఆ మిగిలిన 60లోంచి, అంటే 18. మొత్తం 58, మిగిలింది 42. చెవుల 10 శాతం ఆ 42లోంచి, అంటే ఇంకో నాలుగు. 62 అయింది, దాన్ని దగ్గరి పదికి సరిచేసి 60 అంటారు. మూడు బిందెలు తోడినా బావి ఖాళీ అవ్వదన్నట్టు ఉంటుంది ఈ లెక్క. ఆ 60తో టెక్సస్ గీత మీద సరిగ్గా వేలు ఆనింది, పాస్‌పోర్ట్ వచ్చింది. 50 అయి ఉంటే రాదు. కాబట్టి స్టేట్ పాస్‌కి వెళ్ళే ముందు విడివిడి శాతాలు కూడుకుని పోకండి, లెటర్‌లో "కంబైన్డ్" అని ఉన్న అంకె ఏంటో చూడండి. ఫెడరల్ యాక్సెస్ పాస్‌కి ఈ శాతాలతో పనే లేదు, అది మళ్ళీ గుర్తుపెట్టుకోండి, 10 ఉన్నా అడగొచ్చు, కావాల్సింది శాశ్వతం అన్న మాట, రోజువారీ పనికి అడ్డం అన్న మాట.

టెక్సస్‌లో పాస్‌పోర్ట్ కోసం ఏ స్టేట్ పార్కు ఆఫీసుకైనా వీఏ లెటర్, ఐడీ పట్టుకెళ్తే చాలు. పాస్ ఉన్నా ఎన్‌చాంటెడ్ రాక్ లాంటి చోట్లకి చలికాలం శని ఆదివారాలు ముందే డే పాస్ రిజర్వ్ చేసుకుని వెళ్ళండి, నిండిపోతే గేటు మూసేస్తారు, పాస్‌పోర్ట్ ఉందని తెరవరు. చేపల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంకో మాట, 50 శాతం, అంతకంటే ఎక్కువ రేటింగ్ ఉన్న టెక్సస్ వెటరన్‌కి వేట, చేపల లైసెన్స్ కలిపి సూపర్ కాంబో ఫ్రీగా ఇస్తారు. మా వాడు పార్కు పాస్ కంటే దీనికే ఎక్కువ సంబరపడ్డాడు.

వెటరన్ కాకపోయినా

ఇంట్లో గ్రీన్ కార్డు మీద ఉన్న పెద్దవాళ్ళలో ఎవరికైనా పక్షవాతం వచ్చి చెయ్యో కాలో పడిపోయినా, చూపు పోయినా, పిల్లల్లో ఆటిజం లాంటిది ఉన్నా యాక్సెస్ పాస్ వాళ్ళకీ వర్తిస్తుంది, వయసు పట్టింపు లేదు. డాక్టర్ లెటర్ పైన చెప్పినట్టే రాయించుకోండి. హెచ్-1 మీద ఉన్నవాళ్ళకి, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళకి రాదు.

చివరగా, కార్డు పోతే. డూప్లికేట్ ఇవ్వరు, మళ్ళీ అదే కాయితాలు పట్టుకుని కొత్తది తీసుకోవాలి, దానికీ డబ్బు లేదు. మా వాడి కార్డు ఒకసారి ప్యాంటుతో పాటు వాషింగ్ మెషీన్లో తిరిగింది, అంకెలు చెరిగిపోలేదు, ఆ పింక్ గ్లిట్టరు సంతకం కూడా పోలేదు, అదే వాడుతున్నాడు.